డిజిటల్ సేవలు – రైతుతో కలిసి విలువ సృష్టి: మామిడికుదురు వరి, కొబ్బరి సాగు నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

వ్యవసాయ రంగంలో సంస్థలు అందిస్తున్న డిజిటల్ సేవల విలువ ఆ సేవను అమ్మినప్పుడు ఏర్పడదు. రైతు దానిని తన పొలంలో, తన అనుభవంతో జోడించి వాడినప్పుడే ఏర్పడుతుంది. నిర్వహణ శాస్త్రంలో దీనిని విలువ సహసృష్టి అంటారు. ఈ భావనను పరిచయం చేసి, ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యల సాగు, మెట్ట వేరుశనగ సాగులలో లభించిన అనుభవాలను పరిశీలించి, కోనసీమలోని మామిడికుదురు మండలం వంటి వరి, కొబ్బరి ప్రాంతాలకు అవి ఎంతవరకు వర్తిస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నీరు, పురుగుల ఉద్ధృతి ఇరుగుపొరుగు రైతులకు ఉమ్మడిగా ఉన్నచోట విలువ కూడా ఉమ్మడిగానే ఏర్పడుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: విలువ సహసృష్టి, డిజిటల్ సేవలు, వ్యవసాయ విస్తరణ, కొబ్బరి, సర్పిలాకార తెల్లదోమ, కోనసీమ

ఉపోద్ఘాతం

గత రెండు దశాబ్దాలలో రైతుకు సమాచారం చేరే మార్గాలు విశేషంగా పెరిగాయి. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభమైనాయి. 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్ ఇ-నామ్ అమలులోకి వచ్చింది. 2020 మే 30న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రైతు భరోసా కేంద్రాలు మొదలైనాయి. ప్రస్తుతం ఇవి రైతు సేవా కేంద్రాలుగా వ్యవహరింపబడుతున్నాయి. వీటితోపాటు విత్తన, ఎరువుల, పురుగుమందుల, మేత సంస్థలు, కొనుగోలు సంస్థలు, అంకుర సంస్థలు మొబైల్ ఫోను ద్వారా సలహాలు, ధరల వివరాలు, యంత్ర పరికరాల సేవలు అందిస్తున్నాయి.

ఇన్ని సేవలు ఉన్నప్పటికీ వాటిని అంచనా వేసే పద్ధతి మాత్రం పాతదిగానే ఉన్నది. ఎందరు రైతులు యాప్‌ను దించుకున్నారు, ఎన్ని సందేశాలు పంపారు అన్న లెక్కలే నివేదికలలో ప్రధానంగా కనిపిస్తాయి. సందేశం అందిన తరువాత రైతు తీసుకున్న నిర్ణయం మారిందా, మారిన నిర్ణయం వల్ల లాభం కలిగిందా, ఆ లాభం ఎవరికి చేరింది అన్న ప్రశ్నలు వెనుకబడిపోతున్నాయి. ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి విలువ సహసృష్టి భావన ఉపయోగపడుతుంది.

సహసృష్టి భావన

పాత పద్ధతిలో సంస్థ విలువను తయారుచేస్తుంది. వినియోగదారుడు దానిని కొని వాడుకుంటాడు. ఈ దృష్టిలో ఎరువు బస్తా విలువ దాని ధరలోనే ఇమిడి ఉంటుంది. 2004లో సి.కె. ప్రహ్లాద్, వెంకట్ రామస్వామి ప్రచురించిన గ్రంథం, అదే సంవత్సరం స్టీఫెన్ వార్గో, రాబర్ట్ లష్ ప్రకటించిన పరిశోధనా వ్యాసం ఈ దృష్టిని ప్రశ్నించాయి. వార్గో, లష్‌ల వాదన ప్రకారం సంస్థ విలువను అందించలేదు. విలువకు సంబంధించిన ప్రతిపాదనను మాత్రమే చేయగలదు. ఆ ప్రతిపాదన వాడుకలోకి వచ్చినప్పుడు వాడేవాని జ్ఞానం, శ్రమ, పరిస్థితులు కలిసి విలువ రూపుదిద్దుకుంటుంది.

వ్యవసాయదారునికి ఈ మాట కొత్తది కాదు. ఒకే వరి రకం, ఒకే మోతాదు నత్రజని రెండు పొలాలలో రెండు రకాల దిగుబడి ఇవ్వడం అందరూ ఎరిగినదే. నేల స్వభావం, నీటి యాజమాన్యం, నాటిన తేదీ, రైతు నేర్పు ఆ తేడాకు కారణాలు. సేద్య శాస్త్రం మొదటినుండి ఉత్పత్తి సాధనాన్ని, దాని వాడకాన్ని కలిపే చూసింది. నిర్వహణ శాస్త్రం ఇదే సత్యాన్ని మరొక దారిలో చేరుకున్నది.

సహసృష్టి సాధ్యం కావడానికి ప్రహ్లాద్, రామస్వామి నాలుగు ఆధారాలను సూచించారు. మొదటిది సంభాషణ: సమాచారం రెండు వైపులా ప్రవహించాలి. రెండవది అందుబాటు: సంస్థ వద్దనున్న సమాచారం, పనిముట్లు వినియోగదారునికి చేరాలి. మూడవది ముప్పు అంచనా: సలహా పాటిస్తే ఎదురుకాగల నష్టాన్ని ముందే తెలపాలి. నాలుగవది పారదర్శకత: ధర, లాభం, సలహాకు గల ఆధారం దాచిపెట్టరాదు. ఒక డిజిటల్ సేవను పరిశీలించేటప్పుడు ఈ నాలుగింటిని కొలబద్దగా తీసుకోవచ్చు.

మూడు అనుభవాలు

ఈ రంగంలో మన దేశంలో తొలి ప్రధాన ప్రయత్నం ఐ.టి.సి. సంస్థ 2000 జూన్‌లో మధ్యప్రదేశ్ సోయాచిక్కుడు ప్రాంతంలో ఆరంభించిన ఇ-చౌపాల్. గ్రామంలోని ఒక రైతు ఇంట కంప్యూటరు ఏర్పాటు చేసి, ఆ రైతునే సంచాలకునిగా నియమించారు. సంస్థ కొనుగోలు ధర ముందుగానే తెలిసేది. నచ్చితే రైతు సంస్థ కేంద్రానికి సరుకు తెచ్చేవాడు; నచ్చకపోతే మండీకి వెళ్లేవాడు. ఎలక్ట్రానిక్ కాటాపై తూకం, వెంటనే చెల్లింపు ఉండేవి. సంస్థకు నాణ్యమైన సరుకు తక్కువ సేకరణ ఖర్చుతో లభించింది. రైతుకు ధర ముందే తెలియడం వల్ల ఎక్కడ అమ్మాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కలిగింది. ఇదే నమూనాను ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యల రైతులకు ఆక్వా చౌపాల్ పేరుతో విస్తరించారు. ఇందులో గమనించవలసిన అంశం కంప్యూటరు కాదు, రైతు వేరొకచోట అమ్ముకోగల హక్కు. ఆ హక్కు ఉన్నంతకాలం సంస్థ మంచి ధర ఇవ్వక తప్పదు.

రెండవ అనుభవం కర్నూలు జిల్లా దేవనకొండ మండలానిది. 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయంపై తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. దీర్ఘకాలిక వర్షపాత వివరాలు, నేల తేమ అంచనాల ఆధారంగా జూన్ చివరి వారం వరకు విత్తడం ఆపాలని సూచించాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. రైతు అదనంగా ఏ పరికరమూ కొనలేదు. మామూలు ఫోను సరిపోయింది. తొలకరి పడగానే విత్తే అలవాటును ఆపుకొని వేచి ఉండటమే రైతు వంతు. వేచి ఉండటంలోని ముప్పును భరించినది కూడా రైతే. ఒక ఖరీఫ్‌లో, పరిమిత సంఖ్యలో రైతులతో వచ్చిన ఫలితాన్ని అన్ని సంవత్సరాలకూ వర్తింపజేయరాదన్న జాగ్రత్త విద్యార్థులకు అవసరం.

మూడవది రొయ్యల సాగులో సెన్సర్ల వినియోగం. విజయవాడలో 2012లో ప్రారంభమైన ఏరువాక టెక్నాలజీస్ చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు, ఉదజని సూచిక, ఉష్ణోగ్రతలను కొలిచే పరికరాలను, మేతను స్వయంగా చల్లే యంత్రాలను రూపొందించింది. రొయ్యల చెరువులో రాత్రివేళ కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం సాగుతుంది. అందువల్ల ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలు ఒత్తిడికి లోనవుతాయి. రైతు రాత్రంతా గట్టుపై కాపలా ఉండి చేసే అంచనాను సెన్సరు కొలతగా మార్చి ఫోనుకు పంపుతుంది. దానివల్ల గాలిమరలను అవసరమైన గంటలలోనే తిప్పవచ్చు. విద్యుత్తు ఆదా అవుతుంది.

మేత విషయంలో సహసృష్టి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రొయ్యల ఉత్పత్తి ఖర్చులో సగం లేదా అంతకుమించి మేతదే. రైతు చెక్ ట్రే పైకి తీసి, మిగిలిన మేతను చూసి, తరువాతి పూట ఎంత వేయాలో నిర్ణయిస్తాడు. ఆ పరిశీలనను సేవలో నమోదు చేస్తే యంత్రం లెక్క సరిదిద్దుకుంటుంది. నమోదు చేయకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా గడియారానికి కట్టిన గరిటె మాత్రమే. ఇక్కడ రైతు సమాచారం ఇస్తున్నాడు, సంస్థ గణన చేస్తున్నది, మేత ఆదా రూపంలో విలువ ఇద్దరి మధ్య పుడుతున్నది.

తరువాతి కాలంలో నెదర్లాండ్స్‌కు చెందిన మేత సంస్థ నూట్రెకో ఏరువాకలో పెట్టుబడి పెట్టింది. మేత అమ్మే సంస్థకు, మేతను పొదుపు చేసే సేవకు ఒకే యాజమాన్య సంబంధం ఉన్నప్పుడు వాటి ప్రయోజనాలు కలిసే అవకాశమూ ఉన్నది, విభేదించే అవకాశమూ ఉన్నది. మేత మార్పిడి నిష్పత్తి మెరుగుపడితే ఆ మేతకే మంచి పేరు వస్తుంది. మేత వాడకం తగ్గితే అమ్మకం తగ్గుతుంది. ఏది జరుగుతుందో తెలియాలంటే సలహాకు ఆధారమైన లెక్క రైతుకు కనిపించాలి. పారదర్శకత అవసరం ఇక్కడే తెలుస్తుంది.

మామిడికుదురు పరిస్థితులు

పై మూడింటిలోనూ నిర్ణయం ఒక రైతుది, ఫలితం ప్రధానంగా ఆ రైతుదే. మామిడికుదురు మండలంలో పరిస్థితి భిన్నంగా ఉంటుంది. వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ, నగరం దీవిగా పిలువబడే ప్రాంతంలో ఈ మండలం ఉన్నది. ధవళేశ్వరం నుండి వచ్చే గోదావరి కాలువ నీరు లంకల గన్నవరం వద్ద అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి ఈ దీవికి చేరుతుంది. పల్లపు భూములలో వరి, మెరక భూములలో కొబ్బరి ప్రధాన పంటలు.

వరిలో అసలు సమస్య నీటి కొరత కంటే మురుగు నీరు పోకపోవడం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు పెట్టుబడి ఖర్చు, గిట్టుబాటు ధరలతోపాటు మురుగు కాలువల దుస్థితి కూడా చర్చకు వచ్చింది. మార్టేరు పరిశోధన స్థానం నుండి 1982లో విడుదలైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, దీర్ఘకాలిక రకం. నాట్లు ఆలస్యమైతే కోత తుపానుల కాలంలో పడుతుంది. ముందుగా నాటాలంటే కాలువ నీరు సకాలంలో రావాలి; నాటిన పైరు నిలవాలంటే ముంపు నీరు త్వరగా పోవాలి. ఈ రెండూ ఏ ఒక్క రైతు చేతిలోనూ లేవు. దేవనకొండలో వలె విత్తే తేదీ ఒక్కటి చెప్పే సందేశం ఇక్కడ సగం సలహా మాత్రమే. ఏ తూము కింద ఏ రోజున నీరు అందింది, ఏ చేలో ఎన్ని రోజులు నీరు నిలిచింది అన్న వివరాలను రైతులు నమోదు చేసి, నీటిపారుదల సిబ్బంది, పంటల బీమా సంస్థలు, విస్తరణ సిబ్బంది వాటిని చూడగలిగితే ఆ సేవకు నిజమైన విలువ ఏర్పడుతుంది. అయితే మురుగు కాలువ పూడిక తీయవలసినచోట ఏ యాప్ కూడా దానికి ప్రత్యామ్నాయం కాదు.

కొబ్బరిలో మొదటి చిక్కు కాలవ్యవధి. కొబ్బరి పూగుత్తి మూలాంకురం ఏర్పడినప్పటి నుండి పూత విచ్చుకోవడానికి సుమారు 32 నెలలు పడుతుంది. ఆ తరువాత కాయ ముదరడానికి మరొక 12 నెలలు అవసరం. ఈ సంవత్సరం వేసిన ఎరువు ప్రభావం దిగుబడిలో పూర్తిగా కనిపించడానికి మూడు సంవత్సరాలకు పైగా వేచి ఉండాలి. ఒక్క పంటకాలానికి రుసుము కట్టించుకుని ఫలితం చూపుతామనే సేవ కొబ్బరి తోటకు సరిపోదు. చెట్టువారీ దిగుబడి, వర్షపాతం, ఎరువుల వివరాలు ఏళ్ల తరబడి భద్రంగా ఉండాలి. సేవాసంస్థ మూతపడినా, చేతులు మారినా ఆ వివరాలు రైతు వద్ద మిగలాలి. లేనిపక్షంలో విలువ సగంలోనే నశిస్తుంది.

రెండవ చిక్కు పురుగుల ఉద్ధృతి. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదటిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో నమోదై, ఆంధ్రప్రదేశ్ కొబ్బరి తోటలకు వ్యాపించింది. ఆకు అడుగుభాగాన వలయాకారంలో గుడ్లు పెట్టి, రసం పీల్చి, తేనెవంటి జిగురును విసర్జిస్తుంది. దానిపై నల్లటి మసి బూజు పెరుగుతుంది. తోట నల్లబడటం చూసి రైతు ఆందోళనతో రసాయన మందువైపు మొగ్గు చూపడం సహజం. కానీ ఈ దోమను అదుపుచేసే ప్రధాన సహజ శత్రువు ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే అతి చిన్న పరాన్నజీవి. రసాయన మందు పిచికారీ చేస్తే ముందుగా నశించేది ఇదే. అందువల్లనే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం రసాయనాలకు బదులు జీవ నియంత్రణను ప్రోత్సహిస్తున్నది.

ఈ సందర్భంలో డిజిటల్ సేవ రెండు విధాలుగా పనిచేయవచ్చు. నల్లబడిన ఆకు చిత్రం పంపగానే మందు పేరు, దుకాణం చిరునామా చూపే సేవ ఒకటి. ఆకు అడుగుభాగం చిత్రం అడిగి, పరాన్నజీవి ఆశించడం వల్ల నల్లబారిన పిల్లపురుగుల శాతం లెక్కించి, తగినంత ఉంటే పిచికారీ అవసరం లేదని, లేకపోతే పరాన్నజీవులున్న ఆకు ముక్కలను పక్క తోట నుండి తెచ్చి కట్టమని చెప్పే సేవ మరొకటి. మొదటిది అమ్మకాన్ని పెంచుతుంది. రెండవది విలువను పెంచుతుంది. రెండవ సేవకు పక్క తోటలో పరాన్నజీవి ఉన్నదో లేదో తెలియాలి. ఆ సమాచారం పక్క రైతు ఇవ్వాలి. తన తోటలో మందు కొట్టని రైతు పొరుగువారి తోటకు కూడా మేలు చేస్తున్నాడు; కొట్టిన రైతు తెలియకుండానే కీడు చేస్తున్నాడు. ఇక్కడ వినియోగదారుడు ఒక వ్యక్తి కాదు, తోటల సముదాయం.

చెట్టు ఎక్కేవారిని మరచిన సేవ

సేవా రూపకర్తలు తరచు మరచిపోయే మరొక అంశం, సమాచారం నిజానికి ఎవరి వద్ద ఉన్నది అన్నది. కోనసీమలో కొబ్బరి తోట యజమాని అనేక సందర్భాలలో వేరే ఊరిలో ఉంటాడు. చెట్టు మొవ్వును దగ్గరగా చూసేది దింపు కార్మికుడు. కొమ్ముపురుగు కొరికిన ఆకులు, ఎర్రముక్కు పురుగు ఆశించిన తొలి గుర్తులు, రాలిన పిందెల సంఖ్య మొదట అతనికే తెలుస్తాయి. భూమి నుండి 15 మీటర్ల ఎత్తులో ఉన్న విషయాన్ని కింద నిలబడిన రైతు ఫోనుతో తీసిన చిత్రం చెప్పలేదు. దింపు జరిగిన ప్రతిసారీ కార్మికుడు చెప్పిన నాలుగు వివరాలను తెలుగులో మాట రూపంలో నమోదు చేసే ఏర్పాటు, అందుకు చిన్న పారితోషికం ఉంటే, ఖరీదైన డ్రోను కంటే ఎక్కువ ఉపయోగకరమైన సమాచారం చేకూరే అవకాశమున్నది.

వరిలో ఇటువంటి స్థానం కౌలు రైతుది. పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగా నమోదయ్యే సేవలో సలహా భూయజమాని ఫోనుకు చేరుతుంది. నాటేది, కోసేది కౌలు రైతు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారుకు గుర్తింపు కార్డు పొందే మార్గం ఉన్నది. అయినప్పటికీ ఏ సేవలోనైనా మొదట అడగవలసిన ప్రశ్న, ఈ నిర్ణయం తీసుకునేది ఎవరు, సందేశం వారికే చేరుతున్నదా అన్నది.

విలువ నశించే సందర్భాలు

సంస్థ, వినియోగదారుడు కలిసి విలువను సృష్టించినట్లే, కలిసి దానిని నాశనం చేయడం కూడా సాధ్యమని 2010లో ప్లే, చుంపితాస్ అనే పరిశోధకులు వివరించారు. వ్యవసాయంలో ఇది ప్రధానంగా మూడు విధాలుగా జరుగుతుంది. స్థానిక పరిస్థితికి సరిపడని సలహా ఒక్కసారి నష్టం కలిగిస్తే, తరువాత వచ్చే సరైన సలహాను కూడా రైతు నమ్మడు. సలహా, అమ్మకం ఒకే చేతిలో ఉండి ఆ సంబంధం రైతుకు తెలియకపోతే నమ్మకం చెడుతుంది. మూడవది, రైతు ఇచ్చిన వివరాలు అతనికి తెలియకుండా ఇతర అవసరాలకు మళ్లడం. ఏ తోటలో దిగుబడి ఎంత, ఎప్పుడు దింపుతారు అన్న సమాచారం కొనుగోలుదారునికి ముందే తెలిస్తే బేరంలో రైతు బలం తగ్గుతుంది. వ్యక్తిగత సమాచార సేకరణకు సమ్మతి, నిర్దిష్ట ప్రయోజనం అవసరమని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం చెబుతున్నది. ఆ సమ్మతి పత్రం రైతు చదవగలిగే తెలుగులో ఉన్నప్పుడే అది సమ్మతి అవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

ఏదైనా డిజిటల్ సేవను రైతులకు సిఫారసు చేసే ముందు ఈ కింది అంశాలను పరిశీలించడం ఉచితం.

1. ఈ సేవ వల్ల రైతు తీసుకునే ఏ నిర్ణయం మారుతుంది? దానిని ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే సిఫారసు చేయరాదు.
2. రైతు నుండి తిరిగి సమాచారం స్వీకరించే ఏర్పాటు ఉన్నదా? ఆ సమాచారం వల్ల తరువాతి సలహా మారుతున్నదా?
3. ఏమీ చేయవద్దు, మందు కొట్టవద్దు అని చెప్పగలిగే సేవేనా? అటువంటి సలహా ఎన్నడూ ఇవ్వని సేవను అమ్మకపు సాధనంగానే భావించాలి.
4. సలహా తప్పితే నష్టం ఎవరు భరిస్తారు? ఆ ముప్పును ముందుగా తెలియజేశారా?
5. పొరుగు పొలాల సమాచారాన్ని కలిపి చూపుతున్నదా? తూము వారీగా, తోటల సముదాయం వారీగా సలహా ఇవ్వగలదా?
6. కౌలు రైతు, మహిళా రైతు, దింపు కార్మికుడు దీనిని వాడగలరా?
7. సేవ ఆగిపోతే రైతు వివరాలు అతని వద్ద మిగులుతాయా?

పరిశోధనా విద్యార్థులు ఈ అంశాలపై క్షేత్ర అధ్యయనాలు చేపట్టవచ్చు. సేవ వాడిన, వాడని రైతుల దిగుబడులను పోల్చడంతో ఆగక, నిర్ణయం మారిన తేదీలను, పిచికారీల సంఖ్యను, పొరుగు తోటలలో పరాన్నజీవుల శాతాన్ని కూడా నమోదు చేయాలి. కొబ్బరిలో అధ్యయన కాలం కనీసం నాలుగు సంవత్సరాలు ఉండటం అవసరం.

ముగింపు

డిజిటల్ సేవలో సంస్థ వంతు గణన, సమాచార సేకరణ, వేగం. రైతు వంతు పొలం గురించిన జ్ఞానం, శ్రమ, ముప్పును భరించే ధైర్యం. ఈ రెండూ కలిసినప్పుడు పుట్టిన విలువలో రైతుకు న్యాయమైన భాగం దక్కాలంటే అతనికి వేరొకచోటికి వెళ్లే స్వేచ్ఛ, లెక్క చూసే హక్కు, తన సమాచారంపై అధికారం ఉండాలి. ఒకే అక్విడక్టు నీటిపై ఆధారపడిన మామిడికుదురు వంటి ప్రాంతంలో దీనికి మరొక నియమం తోడవుతుంది. పక్క రైతు చేరనిదే ఒక రైతుకు కలిగే విలువ సంపూర్ణం కాదు. ఆ ఇరుగుపొరుగును ఒకచోట కూర్చోబెట్టి, సంస్థ చెప్పే సలహాను వారి అనుభవంతో సరిచూసే పని ఏ యంత్రానికీ అప్పగించదగినది కాదు. అది విస్తరణ శాస్త్రవేత్త కర్తవ్యం.